టెక్ సందేహాలు: లక్షల సైకిల్ పోతే బీమా డబ్బు వస్తుందా?

ప్రశ్న: లక్షా ఎనభై వేలు పెట్టి కార్బన్ ఫ్రేమ్ రోడ్ బైక్ కొన్నాను. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్‌కి తాళం వేసి పెడుతున్నాను. వీకెండ్స్‌లో ఓఆర్ఆర్ పక్కన సోలార్ ప్యానెళ్ల కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద తొక్కుతాను. రాత్రిళ్లు సైకిల్ గురించే టెన్షన్. ఇంటికి చేయించిన ఇన్సూరెన్స్ దీనికి పనికొస్తుందా, వేరే పాలసీ తీసుకోవాలా?
(కొండాపూర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీకున్నది ఇప్పుడు అందరూ తీసుకుంటున్న భారత్ గృహ రక్ష పాలసీ అయితే, దాని మీద ఆశ పెట్టుకోకండి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ పాలసీ అగ్నిప్రమాదం, వరద, తుఫాను, భూకంపం లాంటి వాటి కోసం పెట్టింది. బిల్డింగ్‌కి బీమా చేయిస్తే ఇంట్లో సామానుకి కూడా ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా దానంతటదే కవర్ ఉంటుంది. దొంగతనం సంగతి వేరు. పైన చెప్పిన ప్రమాదాల్లో ఏదైనా జరిగి, దాని వల్ల 7 రోజుల్లోపు సామాను పోతేనే లెక్కలోకి వస్తుంది. మామూలు రోజు రాత్రి ఎవరో తాళం కోసి సైకిల్ పట్టుకుపోతే ఈ పాలసీ కింద ఏమీ రాదు.

బర్గ్లరీ కవర్ అదనంగా తీసుకున్నా మీ విషయంలో ఒక చిక్కు ఉంది. బీమా కంపెనీల లెక్కలో బర్గ్లరీ అంటే తలుపో కిటికీయో పగలగొట్టి, బలవంతంగా ఇంట్లోకి చొరబడి చేసిన దొంగతనం. సెల్లార్‌కి తలుపే ఉండదు, పైగా అది అందరూ తిరిగే చోటు. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ వచ్చి 'ఇంట్లోకి చొరబడిన ఆనవాళ్లు ఎక్కడ?' అని అడిగితే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. నా దృష్టిలో ఖరీదైన సైకిల్ ఉన్నవాళ్లు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

మీరు వెతకాల్సినవి రెండు. ఒకటి, ప్రభుత్వ రంగ బీమా కంపెనీల దగ్గర ఎప్పటి నుంచో ఉన్న హౌస్‌హోల్డర్స్ పాలసీ. అందులో పెడల్ సైకిల్ అని విడిగా ఒక సెక్షన్ ఉంటుంది. దొంగతనం, అగ్నిప్రమాదం, యాక్సిడెంట్‌లో డ్యామేజీ దాని కిందకి వస్తాయి. మీ సైకిల్ తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే కొంతవరకు ఆ ఖర్చు కూడా వస్తుంది. దగ్గర్లోని బ్రాంచికి వెళ్లి ఆ సెక్షన్ కావాలని పేరు పెట్టి అడగండి. అడక్కపోతే చాలామంది ఏజెంట్లు దాని ఊసే ఎత్తరు. రెండోది, ప్రైవేటు కంపెనీలు విడిగా ఇచ్చే సైకిల్ పాలసీ. షోరూమ్‌లో ఫ్రీగా ఇచ్చిన ఇన్సూరెన్స్ కాగితం ఏదైనా ఉంటే అది సైకిల్‌కా, తొక్కే మనిషికా అన్నది చూసుకోండి. కేవలం పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అయితే సైకిల్ పోయినప్పుడు అది అక్కరకు రాదు.

ఏ పాలసీ అయినా డబ్బు కట్టేముందు కంపెనీకి మెయిల్ పెట్టండి: 'సైకిల్ సెల్లార్‌లో పిల్లర్‌కి తాళం వేసి ఉంటుంది. అక్కడి నుంచి పోతే క్లెయిమ్ ఇస్తారా? ట్రాక్ దగ్గర టీ తాగుతూ తాళం వేసి పక్కన పెట్టినప్పుడు పోతే?' జవాబు రాతలో తీసుకోండి. 'అన్నీ వస్తాయి సార్' అని ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున నిలబడదు. పాలసీలో మూడు చోట్ల ఆగి చదవండి. రేసుల్లో జరిగిన డ్యామేజీకి సాధారణంగా డబ్బు ఇవ్వరు. సైకిల్ ఉండి లైటో, బైక్ కంప్యూటరో మాత్రమే పోతే పెడల్ సైకిల్ సెక్షన్ వర్తించదు. ఇక డిప్రిసియేషన్, అంటే సైకిల్ పాతబడినందుకు విలువలో ఎంత కోస్తారన్నది మూడోది. ప్రీమియం తగ్గుతుందని విలువ తక్కువ చూపించొద్దు. రెండు లక్షల సైకిల్‌ని లక్షకే బీమా చేయిస్తే, యావరేజ్ క్లాజ్ (విలువ ఎంత తక్కువ చూపిస్తే పరిహారం కూడా అదే లెక్కన తగ్గించే నిబంధన) ఉన్న పాలసీలో 40 వేల నష్టానికి చేతికొచ్చేది 20 వేలే.

సైకిల్‌కి ఆర్‌సీ లేదు, నంబర్ ప్లేట్ లేదు. అది మీదేనని చెప్పేది ఫ్రేమ్ నంబరే. సైకిల్‌ని తలకిందులు చేసి, పెడళ్ల ఇరుసు వెళ్లే గొట్టం అడుగున చూడండి. ఎక్కువ సైకిళ్లకి అక్కడే అక్షరాలు, అంకెలు ఉంటాయి. మట్టి తుడిచి, ఫోన్ టార్చ్ పక్క నుంచి పడేలా పెట్టి ఫొటో తీస్తే స్పష్టంగా వస్తుంది. ఆ నంబర్ జీఎస్టీ బిల్లు మీద లేకపోతే షాపువాళ్లతో ఇప్పుడే రాయించుకోండి. సైకిల్ ఫొటోలు, తాళం బిల్లు కలిపి మీకు మీరే మెయిల్ చేసుకోండి. సైకిల్ పోతే అదే రోజు పోలీసులకు ఫిర్యాదు చేసి, కంపెనీకీ చెప్పండి. ఎఫ్ఐఆర్‌లో ఫ్రేమ్ నంబర్ తప్పనిసరిగా ఉండేలా చూసుకోండి. కంపెనీ అన్యాయంగా క్లెయిమ్ తోసిపుచ్చితే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255కి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీ 30 రోజుల్లో పరిష్కరించకపోతే, లేదా వాళ్ల జవాబు మీకు నచ్చకపోతే బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి, హైదరాబాద్‌లోని ఆఫీసుకి వెళ్లండి. అక్కడ ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

ప్రశ్న: బీమా బదులు సీటు కింద ఎయిర్‌ట్యాగ్ (వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే యాపిల్ బిళ్ల) దాచేస్తే సరిపోదా?
(విశాఖపట్నం నుంచి)

జవాబు: దాచండి, కానీ బీమా బదులుగా కాదు. ఎయిర్‌ట్యాగ్‌లో జీపీఎస్ ఉండదు. చుట్టుపక్కల వెళ్లే ఐఫోన్లు బ్లూటూత్ ద్వారా దాన్ని గుర్తిస్తేనే మీకు లొకేషన్ వస్తుంది. మీది ఆండ్రాయిడ్ అయితే పోయిన వస్తువులను వెతికే గూగుల్ ఫైండ్ హబ్‌తో పనిచేసే ట్యాగ్ కొనుక్కోండి. జియో కంపెనీ ట్యాగ్ జియోట్యాగ్ కొనేటట్టయితే గో మోడల్ ఆండ్రాయిడ్‌కి, ఎయిర్ మోడల్ ఐఫోన్‌కి. ఇంకో సంగతి, తెలియని ట్యాగ్ ఎవరితోనైనా పాటే కదులుతుంటే వాళ్ల ఫోన్ వాళ్లని హెచ్చరిస్తుంది. మనుషుల్ని రహస్యంగా వెంబడించకుండా పెట్టిన మంచి ఏర్పాటే అది, కానీ సైకిల్ ఎత్తుకెళ్లిన దొంగ చేతిలోని ఫోన్‌కి కూడా ఆ హెచ్చరిక వెళ్తుంది. అందుకే పోయిందని తెలిసిన వెంటనే లొకేషన్ స్క్రీన్‌షాట్లు తీసి పోలీసులకు ఇవ్వండి. మీరొక్కరే ఆ చోటికి వెళ్లకండి. రైడ్లు రికార్డు చేసి అందరికీ చూపించే స్ట్రావా యాప్ వాడుతుంటే మ్యాప్‌లో మీ ఇంటి చుట్టుపక్కల కనిపించకుండా సెట్టింగ్ మార్చుకోండి.

ప్రశ్న: నా గేర్ సైకిల్‌కి ఆన్‌లైన్‌లో కొన్న 500 వాట్ల మోటార్ కిట్ బిగించాను. దీనికి సైకిల్ ఇన్సూరెన్స్ వర్తిస్తుందా?
(విజయవాడ నుంచి)

జవాబు: వర్తిస్తుందనుకుని తొక్కకండి. మోటార్ పవర్ 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉంటేనే రిజిస్ట్రేషన్, లైసెన్స్ మినహాయింపు. మీ కిట్ ఆ హద్దు దాటింది కాబట్టి చట్టం లెక్కలో మీది మోటారు వాహనం. రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ బీమా రెండూ లేకుండా రోడ్డెక్కినట్టే. పెడల్ సైకిల్ పాలసీ క్లెయిమ్ తోసిపుచ్చడానికి కంపెనీకి ఈ ఒక్క కారణం చాలు. అంతకన్నా నన్ను భయపెట్టేది, మీ బండి తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం మీ జేబులోంచే కట్టాల్సి రావడం. ఆ కిట్ తీసేసి, 250 వాట్లలోపు ఉన్న కంపెనీ ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకోండి. ఆ మోడల్‌ని పరీక్షించి ఆమోదించినట్టు చెప్పే టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ కాపీ డీలర్‌ని అడిగి, బిల్లుతో పాటే దాచుకోండి.