ఏళ్ల తరబడి ఉన్న వాపు క్యాన్సర్‌గా మారుతుందా?

మీ అమ్మగారికి ఎండోస్కోపీలో కడుపు లోపలి పొర వాచిందని చెప్పారు, ఇలాంటి వాపు డీఎన్ఏను పాడుచేసి క్యాన్సర్ తెస్తుందని చదివి టెన్షన్ పడుతున్నానన్నారు. నేను డాక్టర్‌ని కాను. మా పెద్దనాయిన కాలు వల్ల దీని గురించి తెలుసుకోవాల్సి వచ్చింది.

ఆయన మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో పనిచేసేవాడు. వడ్లు ఉడకబెట్టే చోట మరిగే నీళ్లు పడి ఎడమ పిక్క కాలింది. పుండు మానినట్టే మానేది, పొలంలో నాలుగు రోజులు తిరిగితే మళ్లీ పగిలేది. ఇట్లా ఇరవై రెండేళ్లు. పసుపు, పసరు, ఆర్ఎంపీ దగ్గర సూది, మళ్లీ పసుపు. చివరి ఏడాది పుండు అంచు ఒకపక్క పైకి లేచి గోబీపువ్వులా గరుకుగా తయారైంది, పంచె తగిలినా రక్తం కారేది. వాసన కూడా మారింది. మేం దానికీ అలవాటు పడ్డాం, అదే మా తప్పు. హైదరాబాద్‌లో డాక్టర్ అడిగితే పెద్దనాయిన "కొత్తదేం కాదు సార్, ఇది ఉంటనే ఉంటది" అన్నాడు. ముక్క తీసి పరీక్షకు పంపితే చర్మ క్యాన్సర్. పాత కాలిన గాయాల్లో ఇలా వచ్చేదాన్ని మార్జోలిన్ అల్సర్ అంటారట.

లోపల జరిగేది ఇదీ. పుండు గానీ వాపు గానీ ఉన్నచోటికి తెల్ల రక్తకణాలు చేరి సూక్ష్మజీవుల్ని చంపడానికి పెరాక్సైడ్, బ్లీచింగ్ లాంటి ఘాటైన రసాయనాలు వదులుతాయి. వారం పది రోజులైతే ఇబ్బంది లేదు. ఏళ్లు గడిస్తే ఆ ఘాటు మన కణాల డీఎన్ఏకే తగులుతుంది. డీఎన్ఏ అంటే కణం ఎలా పనిచేయాలో ఎ, సి, జి, టి అనే నాలుగు అక్షరాల్లో రాసిపెట్టిన పుస్తకం లాంటిది. అందులో 'జి' అనే అక్షరం దెబ్బతింటే, కొత్త ప్రతి తయారయ్యేటప్పుడు దాని ఎదురుగా 'సి' రావాల్సిన చోట 'ఎ' వచ్చి కూర్చుంటుంది. పట్వారీ పహాణీ నకలు రాస్తూ సర్వే నంబరులో ఒక అంకె తప్పు వేస్తే తర్వాతి నకళ్లన్నిటిలో అదే తప్పు నడిచినట్టు. తప్పులు దిద్దే ఎంజైములు కణంలోనే ఉన్నాయి. కానీ పుండు పూడ్చాలని కణాలు తీరిక లేకుండా ఒకటి రెండుగా విడిపోతుంటే, దిద్దేలోపే నకలు అయిపోతుంది. అలాంటి తప్పు కణం పెరుగుదలను అదుపు చేసే జన్యువులో పడి, అట్లాంటివి మరికొన్ని పోగైతేనే క్యాన్సర్. అందుకే ఇన్నేళ్లు పడుతుంది, చాలామందిలో అసలు రాదు.

ఇక మీ అమ్మగారి సంగతి. కడుపు వాపుకు పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. దాన్ని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే తేల్చింది. అయినా అది ఉన్నవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. పైగా దీనికి మందుంది. కాబట్టి బయాప్సీ (పరీక్షకు చిన్న ముక్క) తీశారా, ఆ బాక్టీరియా ఉందా అని ముందు అడగండి. "యాంటీ ఇన్‌ఫ్లమేటరీ" (వాపు తగ్గించేవి) పేరుతో అమ్మే పసుపు పొడుల మీద డబ్బు పెట్టకండి. పసుపు పనితనం మా ఇంట్లో ఇరవై రెండేళ్లు చూశాం.

పెద్దనాయినకు పుండు చుట్టూ వెడల్పుగా కోసి, తొడ చర్మం తీసి అతికించారు. కాలు నిలిచింది. క్యాన్సర్ పాకి గజ్జల్లో గడ్డలేమైనా వచ్చాయేమో చూపించుకోవడానికి ఇప్పటికీ వెళ్తుంటాడు.

మీ అమ్మగారికి యాంటీబయాటిక్ కోర్సు ఇస్తే మంట తగ్గింది కదా అని మధ్యలో ఆపనివ్వకండి. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి బాక్టీరియా పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించాలి. ఆ పరీక్షకు రెండు వారాల ముందు నుంచి గ్యాస్ గోలీలు ఆపమంటారు, లేకపోతే బాక్టీరియా ఉన్నా లేనట్టు రావచ్చు. ఆ మాట డాక్టర్‌తో ముందే మాట్లాడండి.