పదేళ్ల విరామం తర్వాత ఉద్యోగం: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నా వయసు 38. బి.కాం. పూర్తిచేసి, విజయవాడలో ఒక మందుల పంపిణీ సంస్థలో ఆరేళ్లు అకౌంట్స్ చూశాను. 2015లో పాప పుట్టాక మానేశాను. పాప ఆరో తరగతికి వచ్చింది కనుక మళ్లీ ఉద్యోగంలో చేరాలని ఉంది. రెండు ఇంటర్వ్యూలకు వెళితే, రెండు చోట్లా ‘ఇన్నేళ్లు ఏం చేశారు?’ అని అడిగారు. తడబడ్డాను. జీఎస్టీ నాకు తెలియదు. మావారు ‘నీ ఇష్టం’ అంటున్నారు. పాప బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారన్నది అత్తయ్యగారి దిగులు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పిల్లను పెంచడానికి ఉద్యోగం మానినందుకు మీరు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ‘2015 నుంచి పాప పెంపకం చూసుకున్నాను, ఇప్పుడు పూర్తికాలం పనిచేసే వీలు కుదిరింది, జీఎస్టీ రిటర్నుల పని నేర్చుకున్నాను’ అని చెప్పి ఊరుకోండి. బయోడేటాలోనూ ఆ విరామాన్ని దాచకుండా ఒక్క వాక్యంలో రాయండి. అయితే ఆ మూడో మాట నిజమయ్యాకే తర్వాతి ఇంటర్వ్యూకు వెళ్లండి.

అది నిజం కావడానికి మీరనుకున్నంత కాలం పట్టదని నా నమ్మకం. మీరు పనిచేసిన రోజుల్లో వ్యాట్ (జీఎస్టీకి ముందున్న అమ్మకపు పన్ను) 200 ఫారం ప్రతి నెలా 20వ తేదీలోగా దాఖలు చేసేవారు కదా, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక కూడా నెలవారీ రిటర్నులు వేసే సంస్థలకు ఆ 20వ తేదీ అలాగే ఉంది. అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1ను 11వ తేదీలోగా వేస్తారు. మనకు సరుకు అమ్మినవారు చూపిన బిల్లులతో జీఎస్టీఆర్-2బి 14న పోర్టల్‌లో కనిపిస్తుంది. దానిని మన కొనుగోళ్ల పుస్తకంతో పోల్చి, తేడాలు తేల్చుకుని, 20వ తేదీలోగా ఆ నెల పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బి వేసి పన్ను కడతారు. అకౌంట్స్ విభాగంలో అసలైన శ్రమంతా ఆ పోల్చే దగ్గరే ఉంది. సరఫరాదారు తన రిటర్నులో చూపని బిల్లుకు మనకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నును మనం కట్టాల్సిన దానిలోంచి తగ్గించుకునే వీలు) రాదు కనుక, ఏ బిల్లు తప్పిపోయిందో పట్టుకుని, వారికి ఫోన్ చేసి సరిచేయించగల మనిషి యజమానికి ఎంతో అవసరం. ఆరేళ్లు లెడ్జర్లు సరిచూసిన మీకు ఆ ఓపిక కొత్తగా నేర్పనక్కర్లేదు.

లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ గురించి భయపడకండి. ఇప్పుడున్న ట్యాలీప్రైమ్‌లో తెర రూపం మారినా, అమ్మకాలకు ఎఫ్8, కొనుగోళ్లకు ఎఫ్9 మీటలు అలాగే ఉన్నాయి. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు పోర్టల్‌లో తీసే పత్రం), ఈ-ఇన్‌వాయిస్ (పోర్టల్‌లో నమోదు చేసే అమ్మకపు బిల్లు) మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. మందుల రంగానికే తిరిగి వెళ్లేట్టయితే మరో సంగతి కూడా తెలిసి ఉండాలి: 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందులపై పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

ఇవన్నీ నేర్చుకోవడానికి ఫీజు కట్టి కోర్సులో చేరడం కంటే, మీకు దగ్గరలో ఉన్న ఒక చార్టర్డ్ అకౌంటెంట్ కార్యాలయంలో మూడు నెలలు పూటపని అడగడం మేలని నా అభిప్రాయం. జీతం తక్కువే ఇస్తారు. కానీ రకరకాల వ్యాపారాల రిటర్నులు మీ చేతి మీదుగా వెళతాయి, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి తాజా అనుభవమూ దక్కుతుంది. ఆ తర్వాత ఎవరైనా కొత్తగా చేరేవారి జీతమే ఇస్తామంటే, పాత ఆరేళ్ల అనుభవాన్ని లెక్కలోకి తీసుకోమని మర్యాదగానే, గట్టిగా అడగండి.

ఇక ఇంటి విషయం. ‘నీ ఇష్టం’ అన్న మాట అనుమతి అవుతుంది కానీ సాయం కాదు. పాప బడి నుంచి వచ్చే వేళకు తలుపు తీసేదెవరు, ఒంట్లో బాగోలేని రోజున సెలవు పెట్టేదెవరు, సాయంత్రం వంట ఎవరిది అన్నది మీ దంపతులిద్దరూ ముందే కూర్చుని, పేరు పెట్టి పంచుకోవాలి. 11 నుంచి 20వ తేదీ వరకు మీరు ఆలస్యంగా వస్తారని, ఆ పది రోజుల సాయంత్రాలు ఆయనవేనని స్పష్టంగా అనుకోండి. అత్తయ్యగారి దిగులును అభ్యంతరంగా తీసుకోవద్దు. ఆ బాధ్యతంతా తన మీద పడుతుందేమోనన్న భయం అందులో ఉండవచ్చు. పాపకు తలుపు తీసి, పాలిచ్చి కూర్చోబెడితే చాలని, మిగతాది మీరిద్దరూ చూసుకుంటారని చెబితే ఆమె మనసు కుదుటపడవచ్చు.

చివరగా, పాత సంస్థలో మీకు పీఎఫ్ ఉండి ఉంటే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సంఖ్య) వెతికి పెట్టుకోండి. ఆ సొమ్ము తీసుకోకపోతే, కొత్త సంస్థలో చేరేటప్పుడు అదే సంఖ్య ఇచ్చి ఖాతా బదిలీ చేయించుకోండి. పీఎఫ్ కింద వచ్చే పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. పాత ఆరేళ్లూ అందులో కలిస్తే మరో నాలుగేళ్లకే మీకు ఆ అర్హత వస్తుంది.