శనికి వలయాలు ఏమైపోయాయి?

ప్రశ్న: నమస్తే సార్, మాది పర్లాకిమిడి. 2025 నవంబర్లో ఫ్రెండు టెలిస్కోప్ తెస్తే మా డాబా మీద నుంచి శనిగ్రహం చూశాం. వలయాలు చూద్దామని ఎంతో ఆశపడ్డాం, తీరా చూస్తే గుండ్రటి బంతి, దాని నడిమధ్య సన్నటి గీత, అంతే. టెలిస్కోప్‌లో తేడా ఉందా? ఇంకోటి, శని నీళ్లలో తేలుతుందంటారు, నిజమేనా?

జవాబు: టెలిస్కోప్ బాగానే ఉంది తమ్ముడూ, ఆ గీతే వలయాలు! ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 2,80,000 కిలోమీటర్లుంటాయి గానీ మందం మాత్రం చాలాచోట్ల 10 మీటర్ల లెక్కలోనే, అంటే మూడంతస్తుల మేడంత, ఇక అంచు మనవైపు తిరిగితే ఏం కనబడుతుంది చెప్పు. గెలీలియో అంతటివాడికే 1612లో అవి మాయమైపోయి తికమక పెట్టాయి, అవి వలయమని 1659లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ తేల్చాడు. దాదాపు అంతా మంచే, ఇసుక రేణువంత ముక్కల నుంచి ఇల్లంత గడ్డల దాకా.

శని 26.7 డిగ్రీలు ఒరిగి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది, ఒక చుట్టుకి సుమారు 29న్నర ఏళ్లు (ఒక్కో రాశిలో రెండున్నరేళ్లు, మూడు రాశులకి ఏడున్నర, మన ఏలినాటి శని లెక్క ఇదే). అందుకే చుట్టుకి రెండుసార్లు వలయాలు ఇలా గీతైపోతాయి. 2025 మార్చిలో అయింది, నవంబర్లోనూ దాదాపు అంతే. 2032 నాటికి బాగా విచ్చుకుంటాయి, ఏటా కొంచెం కొంచెం తేడా తెలుస్తుంది, చూడ్డం మాత్రం ఆపొద్దు.

తేలడం సంగతంటావా, సగటు సాంద్రత ఘన సెంటీమీటరుకి 0.69 గ్రాములే, నీళ్లకంటే తక్కువ, కాబట్టి లెక్క కరెక్టే. కానీ నిజంగా తేలడానికి అది గట్టి ముద్ద కాదు, ఎక్కువగా హైడ్రోజన్, హీలియం, కాలు పెట్టడానికి నేలే లేదు, లోపలికి పోయేకొద్దీ ఒత్తిడికి హైడ్రోజన్ లోహంలా కరెంటు ప్రవహించే ద్రవమైపోతుంది.

అన్నట్టు గుండ్రటి బంతి అన్నావు, ఈసారి జాగ్రత్తగా చూడు. పదిన్నర గంటలకే ఒకసారి గిర్రున తిరిగేస్తుంది కదా, నడుము దగ్గర ఉబ్బి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది, అడ్డంగా 1,20,500 కిలోమీటర్లైతే నిలువుగా 1,08,700 మాత్రమే. వలయాలు సన్నగా ఉన్నప్పుడే ఆ నొక్కు బాగా తెలుస్తుంది. పక్కనే చిన్న చుక్క కనబడితే అది చాలావరకు టైటాన్ అయ్యుంటుంది, శని చందమామల్లో పెద్దది, బుధగ్రహం కంటే కూడా పెద్దది.