వాన పడ్డాక మట్టిలో సెన్సర్లు ఎందుకు పలకవు?

ప్రశ్న: సర్, బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నా, మాది మదనపల్లె. దేవనహళ్ళి దగ్గర మా బాబాయి వాళ్ళ ద్రాక్షతోటలో మట్టి తేమ చూడ్డానికి తొమ్మిది నోడ్లు (సెన్సరూ రేడియో కలిపిన చిన్న బోర్డులు) జానెడు లోతులో పాతాం, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలే, గట్టు మీద స్తంభానికి రిసీవర్ కట్టాం. మార్చిలో బానే పనిచేశాయి, మొన్న వానలకి నాలుగు అసలు పలకట్లేదు. మిగతావాటికి సిగ్నల్ బలాన్ని బట్టి దూరం లెక్కేస్తే 5 మీటర్లది 10 మీటర్లు వస్తోంది. బోర్డుల్లోకి నీళ్ళు పోయాయంటారా?
- ఓ పాఠకుడు, యలహంక

జవాబు: బోర్డులు విప్పకండి బాబూ, ముందు మట్టిని అనుమానించండి. పొడి మట్టికి డైఎలెక్ట్రిక్ విలువ (ఇది ఎంత పెరిగితే రేడియో తరంగం అంత నెమ్మదిస్తుంది) మూడూ నాలుగూ అలా ఉంటుంది, నీళ్ళకి 80 దాకా ఉంటుంది, అందుకే మట్టి తడిస్తే ఆ విలువ ఒక్కసారిగా ఎగబాకి బాగా నానిన చోట 25 అవుతుంది అనుకోండి, దాని వర్గమూలం 5 కాబట్టి అప్పుడు తరంగం వేగం గాల్లో ఉన్నదాంట్లో అయిదో వంతుకి పడిపోతుంది, గాల్లో 12.5 సెంటీమీటర్లుండే మీ తరంగదైర్ఘ్యం మట్టిలో 2.5 సెంటీమీటర్లే. గాలికని ట్యూన్ చేసిన యాంటెన్నా అక్కడ సరిగ్గా పనిచెయ్యదు, పైగా ఆ ఫ్రీక్వెన్సీలో నీళ్ళు పవర్‌ని గట్టిగా తాగేస్తాయి, మట్టిలోంచి గాల్లోకొచ్చే దగ్గర కొంత వెనక్కి తిరిగిపోతుంది. బంకపాలు ఎక్కువున్న మట్టైతే ఇంకా కష్టం.

దూరం రెట్టింపు రావడానికి కారణం కూడా ఇదే. గాల్లో ఫార్ములా ప్రకారం సిగ్నల్ బలం 6 డెసిబెల్స్ (అంటే పవర్ నాలుగో వంతుకి) తగ్గితే దూరం రెట్టింపైనట్టు లెక్క. వాన వల్ల తగ్గిన 6 డెసిబెల్స్‌ని కూడా మీ ప్రోగ్రాం దూరం ఖాతాలోనే రాసేసింది, నోడు మాత్రం పాతిన చోటే ఉంది.

అసలు పాతిన నోడు నడవదు కదా, దాని స్థానం రోజూ రేడియోతో ఎందుకు కనుక్కోవాలి చెప్పండి? పాతేరోజే గట్టు మీది రెండు రాళ్ళ నుంచి టేపుతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోండి. మేం ఒకసారి ఇది చెయ్యక ఒక నోడు కోసం సగం రోజు తవ్వాం, ద్రాక్ష వేళ్ళు తెగినప్పుడు రైతు మొహం చూడలేకపోయాం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. ప్రాజెక్టుకి లొకలైజేషన్ (సిగ్నల్‌తో నోడు చోటు కనుక్కోవడం) కావాల్సిందేనంటే దూరం తెలిసిన రెండు నోడ్లని గుర్తుగా పెట్టుకుని వాటి నష్టం ఇవాళెంత పెరిగిందో చూసి ఆ మేరకి మిగతావి సరిచెయ్యండి, కానీ డ్రిప్ కింద ఉన్నదీ వరుసల మధ్య ఉన్నదీ ఒకేలా తడవవు, ఆ తేడా మిగుల్తుంది.

రేడియో మారుస్తానంటే మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్‌లో నడిచే లోరా (తక్కువ పవర్‌తో ఎక్కువ దూరం పోయే రేడియో) తీసుకోండి, ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ తడిమట్టిలో నష్టం తగ్గుతుంది. ఇంకా లోతుకి వెళ్ళేవాళ్ళు తీగచుట్టలతో మాగ్నెటిక్ ఇండక్షన్ వాడతారు, అయస్కాంత క్షేత్రానికి గాలైనా తడిమట్టైనా దాదాపు ఒకటే, కాకపోతే దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకి పడిపోతుంది కాబట్టి తోట మొత్తానికి అది చాలదు.

ఆ నాలుగు నోడ్ల కోసం ఇప్పుడే తవ్వకండి, నాలుగు రోజులు ఎండ కాశాక రిసీవర్ చేత్తో పట్టుకుని నేలకి దగ్గరగా పెట్టుకుంటూ వరుసల్లో నడవండి, అప్పటికీ పలకని దాన్నే పైకి తీసి నీళ్ళు పోయాయేమో చూడండి.