పదహారేళ్లకే స్కూలు మాన్పించి బాస్కెట్‌బాల్ అకాడమీలో చేర్చమంటారా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. మ్యాచ్‌కి సగటున 22 పాయింట్లు, 9 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం). ప్రొఫెషనల్ ప్లేయర్ అవుతానంటున్నాడు. విదేశంలోని ఒక ప్రైవేటు అకాడమీ వాళ్లు నేను తీసిన వీడియో చూసి సీటిస్తామన్నారు. ఆ వీడియో మీకూ పంపుతున్నాను. స్కూలు మానేసి రెండేళ్లు వాళ్ల దగ్గరే ఉండాలి, ఏడాది తిరిగేలోపు అక్కడి క్లబ్బులో కాంట్రాక్ట్ ఇప్పిస్తామంటున్నారు. ఫీజు మేమే కట్టాలి. శుక్రవారంలోగా సంతకం పెట్టాలట. ఇది మంచిదా, చదువుకుంటూ కాలేజీ టీమ్ ద్వారా వెళ్లడం మంచిదా? రెండూ పోల్చి చెప్పగలరు. ఇప్పుడు వదులుకుంటే ఇక అవకాశం రాదేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. – ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వచ్చాయి. ఆట మారుతుంది, పిల్లల ఎత్తు మారుతుంది, గడువు మాత్రం ఎప్పుడూ ఈ వారంలోనే ఉంటుంది. పోల్చమన్నారు కాబట్టి పోలుస్తాను. ముందు మీకు నిద్ర పట్టనివ్వని ఆ భయం సంగతి చూద్దాం. మీ అబ్బాయికి ఆలస్యమేమీ కాలేదు. అమెరికాలోని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు ఏటా కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో పేరు ఇవ్వాలంటే ఆ ఏడాదికి కనీసం 19 నిండాలి. అమెరికా బయట పెరిగిన ఆటగాళ్లు 22 ఏళ్ల వయసుకి వచ్చేసరికి తమంతట తామే డ్రాఫ్ట్ అర్హతలోకి వస్తారు. అంటే అత్యంత పెద్ద లీగ్ సైతం ఇంకో మూడేళ్ల దాకా మీవాడి కోసం తలుపు తెరవదు, ఆరేళ్ల దాకా మూయదు. శుక్రవారంతో మునిగిపోయేది ఏమీ లేదు.

నికోలా యోకిచ్‌ని చూడండి. 2014 డ్రాఫ్ట్‌లో 41వ స్థానంలో ఆయన పేరు చదివినప్పుడు ఆయన నిద్రపోతున్నారు. ఆ తర్వాత కూడా ఒక ఏడాది సెర్బియాలో తన క్లబ్బుకే ఆడి, 2015లో ఎన్‌బీఏ జట్టు డెన్వర్‌కి వెళ్లారు. 2021, 2022, 2024లలో లీగ్ అత్యుత్తమ ఆటగాడు ఆయనే. యానిస్ ఆంటెటోకూంపో గ్రీస్ రెండో డివిజన్‌లో ఆడుతూ 2013 డ్రాఫ్ట్‌కి వచ్చారు. ఎన్‌బీఏలో తొలి ఏడాది ఆయన సగటు 6.8 పాయింట్లు. మీవాడి 22కి మురిసిపోతున్నారు కదా, ఈ అంకె కూడా ఒకసారి చూడండి. పెద్దల మధ్య ఆడటం మొదలుపెట్టిన రోజున స్కూలు సగటులు ఎవరికీ గుర్తుండవు.

ఈ పేర్లు మీ ధైర్యానికి చెప్పాను. లెక్క చూస్తే వేరే. ఎన్‌బీఏలో జట్లు 30. ఒక్కో జట్టుకి 15 మంది, పైన టూ-వే కాంట్రాక్ట్ (ఎన్‌బీఏ జట్టుకీ కింది లీగ్ జట్టుకీ మధ్య తిరిగే ఒప్పందం) మీద ముగ్గురు. ప్రపంచం మొత్తానికి ఉన్నవి 540 చోట్లు. డ్రాఫ్ట్‌లో ఏటా తీసుకునేది అరవై మందికి మించదు. అమెరికా కాలేజీల్లో ఆడి డ్రాఫ్ట్ అర్హత దాకా వచ్చినవాళ్లలోనే ఎంపికయ్యేది వందలో దాదాపు ఒక్కరు. తీసుకున్నా మొదటి రౌండ్ వాళ్లకే రెండేళ్ల జీతానికి హామీ. రెండో రౌండ్‌లో వచ్చినవాళ్లకి ఆ హామీ కూడా ఉండదు. పది రోజుల కాంట్రాక్టులు కూడా ఉన్నాయి. పదకొండో రోజు ఎక్కడుంటారో వాళ్లకే తెలీదు.

కెరీర్ తొలి మూడు నాలుగేళ్లంటే చాలామందికి ఇదే. ప్రాక్టీసులో ఒళ్లు విరుచుకుని, మ్యాచ్ రోజు ట్రాక్ ప్యాంటు విప్పకుండా బెంచ్ మీద కూర్చోవడం. ఒక జట్టు తీసేస్తే ఇంకో ఊరు, ఇంకో కోచ్, ఇంకో పద్ధతి. జెరెమీ లిన్‌ని 2010లో ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. 2011 డిసెంబర్‌లో పదిహేను రోజుల తేడాతో రెండు జట్లు వద్దన్నాయి. 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్ తరఫున న్యూజెర్సీ మీద 25 పాయింట్లు కొట్టి పేరు తెచ్చుకునేనాటికి ఆయన పడుకుంటున్నది అన్న ఇంట్లో సోఫా మీద. ఆయన హార్వర్డ్ పట్టభద్రుడు. ఆ రెండు వారాల్లో ఆట పోయినా బతకడానికి చేతిలో ఇంకొకటి ఉంది. మీరు శుక్రవారం సంతకం పెడితే మీవాడి చేతిలో ఏముంటుంది?

ఇక అకాడమీ. నాకున్న అనుమానాలన్నీ ఇక్కడే ఉన్నాయి. చిన్నప్పుడే చదువు పక్కన పెట్టి ఆటే వృత్తిగా దిగడం ఇప్పుడు ఒక ఊపులో ఉంది. లూకా డాన్చిచ్ 13 ఏళ్లకే రియల్ మాడ్రిడ్‌కి వెళ్లలేదా అని ప్రతి తల్లిదండ్రీ నన్ను అడుగుతున్నారు. వెళ్లారు. కానీ ఆయన్ని రమ్మన్నది సొంత సీనియర్ జట్టున్న పెద్ద క్లబ్బు. పిల్లాడు కావాలనుకున్న క్లబ్బు ఖర్చు తనే పెట్టుకుంటుంది. మిమ్మల్ని ఫీజు అడుగుతున్న అకాడమీకి మీరు కొనుగోలుదారు. అందులో తప్పేమీ లేదు, మంచి కోచింగ్ కొనుక్కోవచ్చు. కాకపోతే ఆ సీటుని మీవాడి ప్రతిభకి దక్కిన ఎంపికగా మాత్రం చూడకండి.

పెద్ద సంస్థలు పెట్టిన దారులు కూడా మధ్యలో మూతపడ్డాయి. కాలేజీకి వెళ్లకుండా నేరుగా జీతం తీసుకుని ఆడేందుకు ఎన్‌బీఏ తన కింది స్థాయి లీగ్ అయిన జీ లీగ్‌లో 2020లో ఇగ్నైట్ అనే జట్టు మొదలుపెట్టింది. జేలెన్ గ్రీన్ అక్కడి నుంచే 2021 డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో వెళ్లారు. మన ప్రిన్స్‌పాల్ సింగ్ కూడా ఆ జట్టులో చేరినవారే. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని నియమం మారాక పిల్లలు మళ్లీ కాలేజీల వైపే మళ్లారు. 2023-24 సీజన్‌తో ఇగ్నైట్‌ని మూసేశారు. ఎన్‌బీఏ డబ్బుతో నడిచిన దారే నాలుగు సీజన్లకి మించి నిలవలేదు. మీకు ఫోన్ చేసిన అకాడమీ రెండేళ్ల తర్వాత ఉంటుందని పూచీ ఎవరిది?

సత్నాం సింగ్ 14 ఏళ్లకి స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడా అకాడమీకి వెళ్లారు. ఏడడుగులు దాటిన మనిషి. కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడకుండానే 2015లో 52వ స్థానంలో డాలస్‌కి ఎంపికై, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో చోటు దక్కిన తొలి భారతీయుడయ్యారు. అది చిన్న విషయం కాదు, నేను ఎంతో గర్వపడ్డాను. కానీ తర్వాతి రెండేళ్లూ ఆ కింది లీగ్‌లోనే (అప్పటి పేరు డెవలప్‌మెంట్ లీగ్), అదీ తక్కువ నిమిషాలతో గడిచిపోయాయి. ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడే వీలు దొరకలేదు. అంత ఎత్తుకీ అంత శ్రమకీ దొరికింది ఇది. మీవాడికి అంతకంటే సులువుగా దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకొకటి, ఇది రాతపూర్వకంగా ఉన్న నియమం. 18 నిండని ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశపు క్లబ్బుకి మారడాన్ని అంతర్జాతీయ సమాఖ్య ఫీబా ప్రత్యేక సందర్భాల్లో తప్ప ఒప్పుకోదు. మీవాడికి ఏడాది తిరిగేలోపు కాంట్రాక్ట్ అన్నారు. అప్పటికి వాడికి పదిహేడే. ఏ ప్రత్యేక సందర్భం కింద అనుమతి తెస్తారో కాగితం మీద రాసివ్వమనండి. కాంట్రాక్ట్ ఇప్పించే మధ్యవర్తికి ఫీబా ఏజెంట్ లైసెన్స్ ఉందేమో అడగండి. గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదో, గత మూడేళ్లలో చేరినవాళ్లు ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారో కూడా. ఫొటోలు పంపితే చాలదు, పేర్లు కావాలి.

కాలేజీ దారి గురించి నేను తక్కువే చెప్తాను, ప్రవేశ పరీక్షల గొడవ మీకు తెలిసిందే. ఒక్క సంగతి మాత్రం చాలామందికి తెలీదు. అమెరికాలో డివిజన్ 1 (అగ్రశ్రేణి) కాలేజీ జట్టుకి ఆడాలంటే తొమ్మిదో తరగతి నుంచి స్కూలు ముగిసేలోపు 16 ప్రధాన కోర్సులు పూర్తి చేసి ఉండాలి. వాటిలో 10 చివరి ఏడాది మొదలయ్యేలోపే అయిపోవాలి. ఇప్పుడు స్కూలు మానేస్తే మీవాడికి చదువుతో పాటు ఆట దారుల్లో పెద్దదీ మూసుకుపోతుంది. పోలిక అడిగారు కదా, నా వరకు అది ఇక్కడే తేలిపోయింది.

ఇప్పుడు చెప్పేది మీకు కటువుగా ఉంటుంది. మీ ఉత్తరంలో పాయింట్లున్నాయి, రీబౌండ్లున్నాయి, ఎత్తుంది. మీవాడు ఏమన్నాడో ఒక్క వాక్యంలో ఉంది. మీరు పంపిన వీడియో రెండుసార్లు చూశాను. రెండు నిమిషాల నలభై సెకన్లు, అన్నీ బాస్కెట్లే. బంతి వలలో పడగానే కోసేశారు. వెనక్కి పరుగెత్తి డిఫెన్స్ ఎలా ఆడాడో, బంతి చేతిలో లేనప్పుడు ఎక్కడ నిలబడ్డాడో ఒక్క ముక్క లేదు. జట్ల కోసం ఆటగాళ్లని ఎంచే స్కౌట్ మొదట వెతికేది దాన్నే. ఇంకోటి కూడా కనిపించింది. ప్రతి బాస్కెట్ తర్వాతా వాడు కెమెరా వైపు చూస్తున్నాడు. కెమెరా పట్టుకున్నది మీరేనని మీరే రాశారు. 16 ఏళ్ల పిల్లాడు పాయింట్ కొట్టిన ప్రతిసారీ నాన్న ముఖం వెతుక్కుంటున్నాడంటే, కొట్టలేని రోజు ఇంటికెలా వస్తున్నాడో ఆలోచించారా?

ఏళ్ల కిందట నా గదిలో ఇంతే పొడుగు కుర్రాడు కూర్చున్నాడు. మోకాలు ఎలా ఉందని అడిగితే వాళ్ల నాన్న “బ్రహ్మాండంగా ఉంది” అన్నారు. కుర్రాడు మాట్లాడలేదు. బల్ల కింద బొటనవేలితో మోకాలి చిప్ప దిగువన నొక్కుకుంటూనే ఉన్నాడు. లేచేటప్పుడు కుర్చీ చేతుల మీద బరువేసి లేచాడు. మీ వీడియోలో మీవాడి ఎడమ మోకాలికి కూడా పట్టీ ఉంది. ఉత్తరంలో దాని ఊసే లేదు. ఎదిగే వయసులో ఆ చోట నొప్పిని ఓర్చుకుని ఆడించకూడదు, డాక్టర్‌కి చూపించాలి. పిల్లల కోసం ఎన్‌బీఏ, యూఎస్ఏ బాస్కెట్‌బాల్ కలిసి ఇచ్చిన సూచనల్లో ఈ వయసువాళ్లకి వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి, రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర అని ఉంది. మీవాడికి ఆ రెండూ దక్కుతున్నాయా?

మిమ్మల్ని బాధపెట్టడం నా ఉద్దేశం కాదు. వాడి కోసం నిద్ర మానుకున్న మనిషి మీరు. ఆ ప్రేమ నాకు అర్థమవుతోంది. అవకాశం పోతే రేపు వాడు మిమ్మల్నే తప్పుపడతాడని భయపడుతున్నారు. పట్టడు. అలాంటి పిల్లల్ని పెద్దయ్యాక కూడా చూశాను. నాన్న కాంట్రాక్ట్ వదిలేశాడని ఏడ్చినవాళ్లు నాకు తగల్లేదు. ఆట బాగోలేని రోజు కారులో ఇంటిదాకా నాన్న మాట్లాడలేదని చెప్పి ఏడ్చినవాళ్లున్నారు.

ఈ ముక్క మీవాడికి చదివి వినిపించండి. బాబూ, నీ ఆట బాగుంది. ఎడమచేత్తో ఆడటం ఇంకా రాలేదు, వీడియోలో ఒక్కసారి కూడా ఎడమవైపు వెళ్లలేదు నువ్వు. ప్రొఫెషనల్ ఆటలో ఆరడుగుల మూడంగుళాలంటే గార్డ్ (బయటి నుంచి బంతిని నడిపించే ఆటగాడు) ఎత్తు. బాస్కెట్ కింద నిలబడి తీసే తొమ్మిది రీబౌండ్లు అక్కడ నీకు అంత సులువుగా రావు. కాబట్టి బంతిని నడిపించడం, పాస్ ఇవ్వడం, దూరం నుంచి వేయడం ఇప్పుడే పట్టుకో. స్కూలు పూర్తి చెయ్. నీకన్నా నాలుగైదేళ్లు పెద్దవాళ్లతో ఆడే చోటు వెతుక్కో. వాళ్ల దగ్గర బెంచ్ మీద కూర్చోవాల్సి వస్తే కూర్చో. ఆ కూర్చున్న ఆరు నెలల్లోనూ నీకు ప్రాక్టీసుకి పోవాలనిపిస్తుందో లేదో నీకే తెలుస్తుంది. అది తెలిశాక నువ్వే నాకు రాయి, నాన్నగారితో రాయించొద్దు.

మీరు మాత్రం శుక్రవారం సంతకం పెట్టకండి. నేను పైన రాసిన ప్రశ్నలు వాళ్లకి పంపి జవాబు రాతలో అడగండి. ఏం రాశారో, అసలు రాశారో లేదో నాకు చెప్పండి. మోకాలి రిపోర్టు కూడా వచ్చాక పంపండి. తర్వాతి మ్యాచ్‌కి ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లండి.