నాలుగు గంటలకు లేవలేకపోతే దేవుడు దూరమైనట్టా?

ప్రశ్న: నా వయసు 31. మాది గాజువాక. జగదాంబ కూడలి దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీలు మారుతుంటాయి. మూడేళ్ల బాబు ఉన్నాడు. మా అత్తగారు రోజూ తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి ప్రార్థన చేస్తారు. పెళ్లికి ముందు నాకూ ఆ అలవాటుండేది. నిరుడు అయిదో నెలలో గర్భం పోయింది. దేవుని చిత్తమని అందరూ ఓదార్చారు. ఇప్పుడు మోకరిస్తే నిద్ర ముంచుకొస్తోంది. ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలని జనవరిలో మొదలుపెడతాను, మూడో పుస్తకమైన లేవీయకాండం దగ్గర ఆగిపోతాను. ‘కోడలు ఆత్మీయంగా చల్లారిపోయింది, ప్రార్థించండి’ అని అత్తగారు స్త్రీల కూడికలో చెప్పారట. సిగ్గుతో చచ్చిపోయాను. దేవునికి మళ్లీ దగ్గర కావడం ఎలా?

జవాబు: అమ్మా, ముందు నిద్ర సంగతి తేల్చేద్దాం. రాత్రి డ్యూటీ దిగి, బస్సులో గాజువాక చేరి, బాబుకు అన్నం పెట్టిన మనిషి మోకరిస్తే నిద్ర రాక ఏమొస్తుంది? ఏలీయా ప్రవక్త ఇక బతకలేనని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ఆయన్ని మందలించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకున్నా ఊరుకున్నాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని మార్కు రాసిన మాట నిజమే. కానీ దానియేలు రోజుకు మూడుసార్లు ప్రార్థించాడు, దావీదు రాత్రివేళ పడక మీద దేవుణ్ణి తలచుకున్నాడు. అందరూ నాలుగింటికే లేవాలన్న ఆజ్ఞ మాత్రం బైబిల్లో ఎక్కడా లేదు.

నన్ను ఆపింది గర్భం పోయిందన్న ఆ చిన్న వాక్యం. దాన్ని దాటేసి గబగబా నిద్ర గురించి, లేవీయకాండం గురించి రాసుకుపోయారు. ప్రార్థనలోనూ అదే చేస్తున్నారేమో చూసుకోండి. భర్త మీద అలిగిన రోజున ‘అన్నం పెట్టాను, తినండి’ అన్నంతవరకే మాట వస్తుంది కదా. కడుపులో అడగని ప్రశ్న పెట్టుకుని స్తోత్రం, స్తోత్రం అంటుంటే అంతకు మించి ఎలా వస్తుంది?

‘ఎందుకిలా చేశావు’ అని దేవుణ్ణి అడగడం అవిశ్వాసం కాదు. 13వ కీర్తన తెరవండి, ఆరే వచనాలు. నన్నెంతకాలం మరచిపోతావు అన్న నిలదీతతోనే మొదలవుతుంది. 88వ కీర్తన చివరిదాకా చీకటే. పరిశుద్ధ గ్రంథం దాన్ని అలాగే ఉంచింది. ఇక హన్నా, బిడ్డల్లేక మందిరంలో ఏడుస్తూ ప్రార్థించిన స్త్రీ. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినబడటం లేదు. సాక్షాత్తూ యాజకుడైన ఏలీ కూడా ఆమెను తాగి ఉందనుకున్నాడు. భక్తిలో పెద్దవాళ్లు కూడా పక్కవారి ప్రార్థనను తప్పుగా అంచనా వేస్తారు, మీ అత్తగారు మొదటివారేమీ కాదు. మరొకటి గమనించండి. హన్నా ముఖంలో దుఃఖం తగ్గింది బిడ్డ పుట్టాక కాదు, మనసంతా కుమ్మరించి లేచిన రోజునే.

కాబట్టి కొన్నాళ్లు ఏడాది పట్టిక పక్కన పెట్టండి. తెలుగు బైబిలే ఒక్కసారిగా రాలేదు. మొదట అచ్చయిన సువార్తలు మూడే: మత్తయి, మార్కు, లూకా. 1805లో మన విశాఖకు వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ ఇక్కడే ఆనందరాయర్ అనే ఆయన సాయంతో అనువదించారు. 1812లో బెంగాల్‌లోని సీరాంపూర్‌లో అచ్చయ్యాయి, చూసుకోవడానికి ఆ ఇద్దరు మిషనరీలూ అప్పటికి బతికిలేరు. మీరూ లూకాతో మొదలుపెట్టండి, రోజుకు ఒక్క సంఘటన చాలు. సమయాన్ని గడియారానికి కాక డ్యూటీకి ముడిపెట్టండి. బస్సులో సీటు దొరికితే ఫోను సంచిలోనే ఉంచి, ఎన్‌ఏడీ కూడలి వచ్చేదాకా ఆ రోజు వార్డులో జరిగింది, విసుగు, భయం, పోయిన బిడ్డ, ఏదైనా సరే, మామూలు మాటల్లో ఆయనతో చెప్పుకోండి. సీటు దొరక్కపోతే నిలబడే చెప్పుకోండి. ఏడుపు వస్తే రానివ్వండి, అదీ ప్రార్థనే.

అత్తగారితో వాదన వద్దు, మౌనమూ వద్దు. ‘అత్తయ్యా, నా కోసం ప్రార్థించండి, కానీ కూడికలో నా పేరు ఎత్తకండి. ఆ బిడ్డను తలచుకుని నాకింకా బాధగా ఉంది’ అని నేరుగా చెప్పండి. ఆవిడకూ అది మనవడో మనవరాలో కదా. ముందుగా మీవారితో మాట్లాడండి. ఉత్తరంలో ఆయన ప్రస్తావనే లేదు, ఆయన దుఃఖం ఎవరికీ చెప్పుకోలేదేమో.

ఒక జాగ్రత్త. సెలవు రోజున కడుపునిండా నిద్రపోయినా అలసట తీరకపోతే, ఏ పని మీదా మనసు లేకపోతే, అది ఆత్మీయ లోపమని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. నర్సుగా ఈ లక్షణాలు మీకు తెలిసినవే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. అవసరమైతే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో డాక్టరును కలవండి.