పళ్లు వంకరపోయిన కుందేలుకు పాలసీ దొరుకుతుందా?

ప్రశ్న: మేం చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. మా ఇంట్లో రెండు కుందేళ్లు. మగదానికి మూడేళ్లు. దాని ముందు పళ్లు వంకరగా పెరుగుతాయి, నాలుగు వారాలకోసారి అరగదీయించాలి, వెళ్లినప్పుడల్లా రూ.1,200. ఆడదానికి నాలుగేళ్లు. అది ఏడాదిలో రెండుసార్లు మేత మానేసి, పొట్ట కదలక ఆసుపత్రి పాలైంది. రెండోసారి బిల్లు రూ.14,000 క్రెడిట్ కార్డు మీద వేశాం. అందులో ఇంకా రూ.11,000 ఉంది, నెలనెలా మినిమమ్ డ్యూ కడుతున్నాం. లండన్‌లో ఉన్న మా ఆడపడుచు తన కుందేలుకు ఇన్సూరెన్స్ చేయించింది. ఇక్కడ ఒక ఏజెంటు కుందేళ్లకూ పాలసీ ఉందని, పళ్ల సంగతి ఫారంలో రాయొద్దని చెబుతున్నాడు. ఈ నెల రూ.60,000 ఆర్‌డీ చేతికొస్తుంది. పళ్ల ఖర్చు పోను నెలకు మరో రూ.1,500 తీయగలం. మగదాని ముందు పళ్లు పూర్తిగా తీసేయడానికి రూ.22,000, ఆడదాని గర్భసంచి ఆపరేషన్‌కు రూ.12,000 అవుతుందని డాక్టరు అన్నారు. పాలసీ తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. ఆ ఏజెంటు చూపిస్తున్న పాలసీ మీకు పనికొచ్చేది కాకపోవచ్చు. పనికొచ్చేదే అయినా, ఆయన చెప్పినట్టు ఫారం నింపితే క్లెయిమ్ నిలబడదు.

మన దగ్గర పెట్ ఇన్సూరెన్స్ పేరుతో అమ్మేవి ప్రధానంగా కుక్కలకు, పిల్లులకు. కుందేలుకు పాలసీ ఉందని ఎవరైనా అంటే చాలావరకు అది పశువుల బీమా కింద వచ్చేది, అంటే ఫామ్‌లలో పెంచే కుందేళ్లకు ఉద్దేశించింది. కేంద్ర ప్రభుత్వ పశుసంపద పథకం నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ సబ్సిడీ బీమాలో కూడా కుందేళ్లున్నాయి, కాకపోతే అక్కడ పది కుందేళ్లు కలిస్తే ఒక పశు యూనిట్ లెక్క. ఈ పాలసీలు డబ్బిచ్చేది జంతువు చనిపోతేనే. అదీ మార్కెట్ విలువ మేరకే. డాక్టరు బిల్లులతో వాటికి సంబంధం లేదు. చెవికి గుర్తింపు ట్యాగు, పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం, చనిపోయాక పోస్టుమార్టం రిపోర్టు అడుగుతారు. రెండు వేలు పెట్టి కొన్న కుందేలు పోతే రెండు వేలు తెచ్చిపెట్టే పాలసీ మీ రూ.14,000 బిల్లును ఏం ఆదుకుంటుంది?

మీ ఆడపడుచు మాట నిజమే. బ్రిటన్‌లో పెట్‌ప్లాన్ లాంటి కంపెనీలు కుందేళ్లకూ వైద్య ఖర్చులిస్తాయి. అయితే అక్కడా పాత జబ్బులను పక్కన పెడతారు. జబ్బుకు పేరు పెట్టిన తేదీ కాదు, లక్షణం మొదట కనిపించిన తేదీ లెక్క. పాలసీ మొదలైన తొలి 14 రోజుల్లో బయటపడిన జబ్బును కూడా చాలా కంపెనీలు పాతదానికిందే జమకడతాయి. క్లెయిమ్ వేయగానే క్లినిక్ నుంచి పాత రికార్డంతా తెప్పించుకుని చదువుతారు. ‘మేత తగ్గింది’ అని రెండేళ్ల కిందట డాక్టరు రాసిన ఒక్క ముక్క చాలు. పైగా ఆ పాలసీలు అక్కడ ఉండేవాళ్లకే.

మన మామూలు ఆరోగ్య బీమాలో పాత జబ్బులకు నిరీక్షణ గరిష్ఠంగా 36 నెలలు, 60 నెలలు ప్రీమియం కట్టాక మోసం రుజువైతే తప్ప క్లెయిమ్ తిరస్కరించకూడదు అని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధనలు మనుషుల పాలసీలవి. ‘మూడేళ్లు ఆగితే పళ్లకూ వస్తుంది’ అని ఎవరైనా ఊరిస్తే నమ్మకండి. ఆరోగ్య బీమా ప్రీమియం మీద ఆదాయపు పన్ను మినహాయింపూ పెంపుడు జంతువులకు వర్తించదు. కొన్ని క్లినిక్‌లు అమ్మే ‘హెల్త్ ప్లాన్’ కార్డులు కూడా బీమా కాదు, ముందే డబ్బు కట్టి తీసుకునే డిస్కౌంట్ మాత్రమే. క్లినిక్ మూతపడితే ఆ డబ్బుకు పూచీ ఉండదు.

ఫారంలో దాచడం సంగతి. ప్రతి నాలుగు వారాలకూ మీ పేరు మీద బిల్లు చేస్తున్న క్లినిక్ ఉండగా పళ్ల సంగతి ఎంతకాలం దాగుతుంది? ముఖ్యమైన విషయం దాచారని తేలితే ఆ క్లెయిమే కాదు, పాలసీయే రద్దవుతుంది. సంతకం మీది కాబట్టి రేపు నష్టం మీకే, కమీషన్ ఆయన ఎప్పుడో తీసుకుని ఉంటాడు.

ఇక అసలు లెక్క. పళ్ల ఖర్చు ‘వస్తుందేమో’ అనుకునేది కాదు, తేదీతో సహా వచ్చేది. అలాంటిదానికి ఏ కంపెనీ పాలసీ ఇచ్చినా ఆ ఖర్చంతా ప్రీమియంలోనే కలిపి మీ దగ్గర వసూలు చేయక తప్పదు. ఏడాదికి 13 సార్లు, సారికి రూ.1,200 చొప్పున రూ.15,600. కుందేలు 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. మీది తొమ్మిదేళ్లు బతికితే ఇంకా ఆరేళ్ల ఖర్చు, ఫీజు పైసా పెరగదనుకున్నా రూ.93,600. పళ్లు తీయించడానికి రూ.22,000. పద్దెనిమిది, పంతొమ్మిది సార్లు అరగదీయించే డబ్బు అది. అంటే 17 నెలల్లో తిరిగొస్తుంది. అందుకే నా ఓటు తీయించడానికే, కొన్ని షరతులతో.

మొదటిది, లోపలి దవడ పళ్లు బాగున్నాయని పుర్రె ఎక్స్‌రేలో తేలాలి. అవీ వంకరగా ఉంటే ముందు పళ్లు తీసినా మత్తిచ్చి అరగదీసే ఖర్చు ఆగదు, నా లెక్కంతా తారుమారవుతుంది. రెండో అభిప్రాయానికి వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళ్లొచ్చు. 1903 నుంచి ఉన్న కాలేజీ, ఖర్చూ తక్కువ. రెండోది, ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోండి: ఎక్స్‌రే, మత్తు, నొప్పి మందులు, తర్వాతి చెకప్ అందులో ఉన్నాయో లేదో. కుందేలుకు ముందు పళ్లు ఆరు. పైన కనిపించే రెండింటి వెనక చిన్న మేకుల్లాంటివి మరో రెండు దాక్కుని ఉంటాయి, కింద రెండు. ఆరూ తీయాలి. వేరు దగ్గరి కణజాలం మిగిలితే పన్ను మళ్లీ మొలుస్తుంది, అలా మొలిస్తే మళ్లీ తీయడానికి ఎంతో ముందే అడగండి. మూడోది, ఆపరేషన్‌కు ముందు రాత్రంతా కడుపు మాడ్చమని ఎవరైనా చెబితే ఆ క్లినిక్‌కు కుందేళ్లు అలవాటు లేనట్టే. కుందేలు వాంతి చేసుకోలేదు, పైగా మేత ఆగితే పొట్ట ఆగిపోతుంది.

తీయించేదాకా అరగదీయడం మెషీన్‌తోనే జరగాలి. గోళ్ల కత్తెరతో కత్తిరిస్తే పన్ను నిలువునా చీలి, వేరుకు చీము పట్టే ప్రమాదం ఉంది. దవడలో చీముగడ్డ అంటే బిల్లు ఎన్నో రెట్లు.

ఆర్‌డీ డబ్బులో ముందు కార్డు బాకీ రూ.11,000 ఒక్కసారే తీర్చేయండి. చాలా కార్డుల్లో వడ్డీ నెలకు 3 శాతం పైమాటే. మినిమమ్ కడుతున్నన్నాళ్లూ కొత్తగా కొన్న కూరగాయల మీద కూడా కొన్న రోజునుంచే వడ్డీ పడుతుంది. రూ.49,000 మిగులుతుంది. పళ్లకు రూ.22,000 పోతే రూ.27,000. ఇదే మీ అత్యవసర నిధికి మొదలు. పళ్ల ఖర్చు ఆగాక నెలకు రూ.1,300 మిగులుతుంది, దానికి మీ రూ.1,500 కలిపి రూ.2,800 అందులో వేయండి. నాలుగు నెలలకు రూ.38,200. అప్పుడు ఆడదాని ఆపరేషన్ చేయిస్తే రూ.26,200 ఉంటుంది, మరో పది నెలలకు రూ.54,200. రెండు ఆపరేషన్లూ ఒకే నెలలో పెట్టుకోవద్దు. నిధి అడుగంటిన వారంలోనే ఆడదానికి మళ్లీ పొట్ట ఆగితే కార్డు తీయాల్సి వస్తుంది. అలాగని దాని ఆపరేషన్ వాయిదాల మీద వాయిదాలు వేయొద్దు, గర్భసంచి తీయని ఆడ కుందేళ్లలో నాలుగేళ్లు దాటాక గర్భాశయ క్యాన్సర్ చాలా మామూలు. నాలుగు నెలల లోపే ఏదైనా తేడా కనిపించి డాక్టరు ముందుకు జరపమంటే ఈ వరుస మార్చేయండి.

నిధిలో రూ.10,000 సేవింగ్స్ ఖాతాలో ఉంచి మిగతాది లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) పెట్టండి. ఇన్‌స్టంట్ రిడెంప్షన్ ఉన్న పథకం చూసుకోండి. రోజుకు రూ.50,000 లేదా అందులో ఉన్న మీ డబ్బు విలువలో 90 శాతం, ఏది తక్కువైతే అంత, కొద్ది నిమిషాల్లో ఖాతాలో పడుతుంది. ఏడు రోజుల్లోపు తీస్తే స్వల్పంగా ఎగ్జిట్ లోడ్, అంటే ముందే తీసినందుకు కోత, ఉంటుంది. లాభం మీద మీ శ్లాబు ప్రకారం పన్ను. ఫండ్ ఒకరి ఫోన్‌లోనే ఉంటే ఆ మనిషి ఊళ్లో లేని రాత్రి ఇబ్బంది, అందుకే ఆ పదివేలు జాయింట్ ఖాతాలో ఉండాలి. 12 గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు పడకపోయినా పొద్దుటిదాకా చూద్దామని ఆగకూడదు. ఆలస్యమైన కొద్దీ సెలైన్‌తో పోయేది రోజుల తరబడి అడ్మిషన్ దాకా వెళుతుంది.

నెల ఖర్చులో తగ్గించాల్సింది పెల్లెట్లను (గుళికల మేత), గడ్డిని కాదు. మేతలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. దిగుమతి టిమోతీ గడ్డి భారమైతే కొంత గరికతో సర్దుకోవచ్చు. మైలాపూరులో వినాయకుడికి అమ్మే కట్టలే, మందు కొట్టనిది చూసి కడిగి పెట్టండి. చవకగా వస్తుందని అక్టోబరులో ఆరునెలల ఎండుగడ్డి ఒకేసారి కొనొద్దు. ఈశాన్య రుతుపవనాల తేమకు బూజు పడుతుంది, బూజు గడ్డి తింటే మళ్లీ ఆసుపత్రే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏసీ కరెంటు బిల్లులో కొంత కుందేళ్ల పద్దులో రాసుకోండి. 30 డిగ్రీలు దాటితే వాటికి వడదెబ్బ ముప్పు, ఎండకు మేత తగ్గిందంటే పొట్ట ఆగే ప్రమాదమూ దాని వెంటే.

ఏజెంటుకు ఇప్పటికే ఫారం ఇచ్చేసి ఉంటే, పళ్ల సంగతీ, రెండు అడ్మిషన్ల సంగతీ రాసి కంపెనీకి నేరుగా ఈమెయిల్ పంపండి. ఆ మెయిల్లోనే మూడు ప్రశ్నలు అడగండి: ఇంట్లో పెంచే కుందేలుకు వర్తిస్తుందా, చికిత్స ఖర్చు ఇస్తారా లేక చావుకే ఇస్తారా, పాత జబ్బు అంటే పాలసీ పత్రంలో ఏమని రాశారు. రాతపూర్వకంగా జవాబు రాకుండా ప్రీమియం కట్టకండి.